చేతిలో ఉన్నదే పణం
(దామెర్ల రామారావు స్మృతిలో చేసిన ఉపన్యాసం)



 చిత్రకారుడు దామెర్ల రామారావుగారు 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టారు. 1925 ఫిబ్రవరి 6న మశూచి సోకి కన్నుమూశారు. అప్పటికి 28 ఏళ్లు నిండలేదు. మనలో చాలామందికి ఆ వయసులో ఇంకా చేతికి ఒక తీరు కుదరదు. ఆయన మాత్రం ఆ లోపే ఆధునిక ఆంధ్ర చిత్రకళకు ఒక ముఖం ఇచ్చి వెళ్లారు.

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిలో ఉన్నదేమిటో గుర్తించారు. ఆయన ప్రోత్సాహంతోనే రామారావుగారు 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. మనిషి శరీరాన్ని చూసి గీయడం, వెలుగునీడలు, దూరదగ్గరలు, అన్నీ పాశ్చాత్య పద్ధతిలో క్షుణ్ణంగా నేర్చుకున్నారు. ఆ చదువుతో బొంబాయిలోనే ఉండిపోవచ్చు. చిత్రాలు చూసేవాళ్లూ కొనేవాళ్లూ అక్కడున్నారు. ఆయన రాజమండ్రికి తిరిగి వచ్చారు. తాను నేర్చినదాన్ని మన స్త్రీల నడకకు, మన పురాణ కథలకు, గోదావరి సీమ వెలుగుకు అప్పగించారు. తన దగ్గరికి వచ్చిన యువకులకు బడి పెట్టి నేర్పారు.

ఆ రాకను తలుచుకున్నప్పుడల్లా నాకొక ప్రశ్న వస్తుంది. ఈ రోజు నా ఉపన్యాసమంతా ఆ ప్రశ్న చుట్టూనే. తెగింపు అంటే ఏమిటి? అది మనిషికి ఎప్పుడు అవసరమవుతుంది? పోయేదేమీ లేనివాడు ముందుకు దూకితే లోకం మెచ్చుకుంటుంది. మెచ్చుకోదగినదే. కానీ బొమ్మలు వేస్తూ, వేయించే పని చేస్తూ నేను గ్రహించింది వేరు. మనిషికి తెగింపు అన్నిటికన్నా ఎక్కువగా కావలసింది చేతిలో ఏమీ లేనప్పుడు కాదు, కొంత మంచి చేరినప్పుడు. ఆ మంచిని కాపాడుకోవాలన్న కోరిక మనల్ని అక్కడే కట్టిపడేస్తుంది. ఈ మాటను మెట్టుమెట్టుగా మీ ముందు పెడతాను.

1. చెరపలేని గీత

శ్రీకాళహస్తి కలంకారీతో మొదలుపెడతాను. తెగింపుకు అంతకన్నా మంచి పాఠశాల నాకు తెలియదు.

బట్టను ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెడతారు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ ఆకారం లేతగా గీసుకుంటారు. ఆ తరువాత కలం పట్టుకుంటారు. కలమంటే మొన తేల్చిన వెదురుపుల్ల. రంగు పీల్చుకోవడానికి దాని చుట్టూ ఉన్ని చుట్టి ఉంటుంది. వేళ్లతో ఆ ఉన్నిని నొక్కితే రంగు మొన దాకా దిగుతుంది. నలుపు కోసం ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. ఆ ద్రవం బట్టలోని కరక్కాయ సారంతో కలిసి నల్లబడుతుంది. పాలు ఉన్నందువల్ల రంగు పక్కలకు పాకదు. ఒకసారి నల్లబడ్డ గీత ఇక పోదు. రబ్బరు లేదు, పైన తెల్లరంగు పూసి దాచే వీలు లేదు.

పద్మశ్రీ జొన్నలగడ్డ గురప్పశెట్టి వంటి గురువులు జీవితమంతా ఈ గీతతోనే గడిపారు. అలాంటివాళ్ల పనిలో నేను రెండు సంగతులు చూస్తాను. ఒకటి, బొగ్గు దశ. తుడిచేయగలిగిన చోట వాళ్లు తుడవడానికి వెనకాడరు. చెయ్యి పైకి ఎలా పోవాలి, దేవుడి భుజం ఎక్కడ ఆగాలి అన్నది అక్కడే తేల్చుకుంటారు. రెండోది, కలం దశ. ఇక్కడ సందేహానికి చోటు లేదు. కలం ఒకచోట ఆగి తటపటాయిస్తే అక్కడ రంగు దిగి మచ్చ కడుతుంది. గీత కాస్త పక్కకు పోయినా కంటికి అలవాటవుతుంది. వణికిన గీత మాత్రం ఎప్పటికీ వణుకుతూనే కనిపిస్తుంది.

బతుకులోనూ బొగ్గుతో గీసుకోగలిగిన నిర్ణయాలున్నాయి, కలంతో గీయాల్సినవీ ఉన్నాయి. మనం తరచు ఈ రెండింటినీ తారుమారు చేస్తాం. కొత్త విద్య నేర్చుకుందామా, కొత్త ఊరు చూసొద్దామా, రాసినది నలుగురికి చదివి వినిపిద్దామా? ఇవన్నీ తుడిచేయగలిగినవి. వీటి దగ్గర ఏళ్ల తరబడి భయపడతాం. పెళ్లి, అప్పు, ఒకరి మనసు విరిచే మాట చెరపలేనివి. వీటి దగ్గర తొందరపడతాం. కలంకారీ చేసేవాళ్లకు ఈ తేడా చేతివేళ్లలో ఉంటుంది. ధైర్యానికి మొదటి మెట్టు ఆ తేడా తెలియడం.

2. బాగా కుదిరిన కన్ను

ఇక్కడి పిల్లలు ఈ మాట జాగ్రత్తగా వినాలి. మీ కోసమే చెబుతున్నాను.

ముఖచిత్రం నేర్పేటప్పుడు నేను మళ్లీ మళ్లీ చూసే సంగతి ఒకటుంది. విద్యార్థి మొదట ఒక కన్ను వేస్తాడు. అది అనుకోకుండా అద్భుతంగా కుదురుతుంది. చూపు, తడి, రెప్ప కింది నీడ, అన్నీ ఉంటాయి. పక్కవాళ్లు వచ్చి చూసి మెచ్చుకుంటారు. తీరా ముఖం పూర్తి కావస్తున్న వేళ ఆ కన్ను ఉండాల్సిన చోటుకు కొంచెం పైన ఉందని తేలుతుంది. అప్పుడేం చేస్తాడు? కన్ను చెరపడు. దాన్ని నిలబెట్టుకోవడానికి ముక్కు కాస్త పొడుగు చేస్తాడు, నుదురు కుదిస్తాడు, రెండో కన్ను కూడా పైకి జరుపుతాడు. చివరికి ఒక మంచి కన్ను మిగులుతుంది, మనిషి పోతాడు.

తెల్ల కాగితం ముందు భయం అందరికీ తెలిసిందే. దాని గురించి ఎందరో రాశారు. అది తొందరగానే పోతుంది, ఒక గీత గీస్తే సగం తీరుతుంది. సగం బొమ్మ దగ్గర పట్టుకునే భయం అంత తేలిగ్గా వదలదు. అది భయంలా కనిపించదు కూడా. ప్రేమలా, జాగ్రత్తలా కనిపిస్తుంది.

ఈ భయాన్ని దాటిన మనిషిగా నేను గురజాడ అప్పారావుగారిని తలుచుకుంటాను. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శితమై జనం మెప్పు పొందింది. 1897లో అచ్చయింది. వ్యవహారభాషలో అంత పెద్ద సాంఘిక నాటకం రావడమే అప్పటికి సాహసం. ఆ సాహసం ఫలించింది. మరొకరైతే అచ్చుతప్పులు దిద్ది రెండో కూర్పు వేసి ఊరుకునేవారు. గురజాడ ఆ నాటకాన్ని విప్పి మళ్లీ అల్లారు. 1909లో వచ్చిన రెండో కూర్పు ఎంతగా పెరిగిందంటే, దాన్ని వేరే నాటకమే అన్న విమర్శకులున్నారు. మధురవాణి పాత్ర కథకు ఆయువుపట్టు అయింది. మనుషుల లోపలి మెలికలు బయటపడ్డాయి. సంస్కరణ కోసం రాసిన నాటకం మనుషుల కోసం రాసిన నాటకంగా ఎదిగింది.

ఒక్కసారి ఆయన స్థానంలో నిలబడి చూడండి. ముందు ఉన్నది చెడ్డ రచన కాదు, లోకం ఒప్పుకున్న మంచి రచన. దాన్ని కదిపితే ఉన్న పేరూ పోవచ్చు. కదపకపోతే ఎవరూ అడగరు. అయినా కదిపారు. ఈ రోజు మన నోళ్లలో ఆడుతున్న కన్యాశుల్కం ఆ రెండోదే. బాగా కుదిరిన కన్నును చెరిపి ముఖాన్ని నిలబెట్టిన మనిషి ఆయన.

3. వచ్చిన విద్యను దాటడం

ఒక రచనను వదులుకోవడం ఒక ఎత్తు. తనకు బాగా వచ్చిన పద్ధతిని వదులుకోవడం మరొక ఎత్తు. ఎందుకంటే పద్ధతి మన పేరుతో కలిసిపోయి ఉంటుంది.

శ్రీశ్రీ 1928లో ప్రభవ ప్రచురించారు. అందులోవి ఛందోబద్ధమైన పద్యాలు. ఆ దారిలో సాగిపోయినా ఆయనకు కవిగా చోటు దొరికేదే. 1930లలో మహాప్రస్థానం గీతాలు రాసేటప్పుడు ఆయన ఆ చోటు ఖాళీ చేశారు. నడక మారింది, మాట మారింది, కవిత్వంలోకి వచ్చే మనుషులే మారారు. ఆ గీతాలు పుస్తకంగా 1950లో గానీ రాలేదు. అన్నేళ్లు ఒక కవి తన కొత్త దారి సరైనదేనని పుస్తకం సాక్ష్యం లేకుండానే నమ్ముకోవాల్సి వచ్చింది.

చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డిగారి కథ మన పిల్లలకు ఇంకా బాగా తెలియాలి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివారు. తరువాత ఐరోపాలో శిల్పం నేర్చుకున్నారు, లండన్‌లో హెన్రీ మూర్, పారిస్‌లో జాడ్కిన్ వంటివారి దగ్గర. శిల్పిగా స్థిరపడగల ఆ మనిషి పారిస్‌లో స్టాన్లీ హేటర్ నడిపే అటెలియే 17 అనే ముద్రణశాలలో చేరి రాగిరేకులు, జింకురేకులు చెక్కడం మొదలుపెట్టారు. అప్పటిదాకా రంగుల ముద్రణ అంటే ఒక్కో రంగుకు ఒక్కో రేకు చేయడం మామూలు పద్ధతి. ఆయనా, ఆ ముద్రణశాలలోని సహచరులూ సిరాలో నూనె పాళ్లు మార్చి చూశారు. చిక్కటి సిరా, పలచటి సిరా ఎక్కడ ఒకదానికొకటి అంటుకుంటాయో, ఎక్కడ ఒకదాన్నొకటి తోసేసుకుంటాయో కనిపెట్టారు. గట్టి రోలరు రేకు పైభాగాన్నే తాకుతుంది, మెత్తటి రోలరు లోతులకు దిగుతుంది. ఈ రెండు సూత్రాలూ కలిపి ఒకే రేకు మీద అనేక రంగులు పరిచి ఒకే ఒత్తిడితో అచ్చు తీశారు.

ఇక్కడ గమనించాల్సింది, ఆయనలోని శిల్పి ఎక్కడికీ పోలేదు. రేకును ఆయన లోతులూ ఎత్తులూ ఉన్న శిల్పంలా చెక్కారు కాబట్టే ఆ రంగులకు నిలిచే చోట్లు దొరికాయి. శ్రీశ్రీ కొత్త నడకలోనూ ఛందస్సు తెలిసిన చెవి వినిపిస్తూనే ఉంటుంది. వదిలేశామనుకున్న విద్య మనతోనే వస్తుంది. వదలాల్సింది విద్యను కాదు, అది ఇచ్చిన భద్రతను. ఉద్యోగం మారాలా వద్దా, నడి వయసులో కొత్త పని మొదలుపెట్టాలా వద్దా అని నన్ను అడిగే మిత్రులకు నేను ఈ ఇద్దరి పేర్లే చెబుతాను. ఇన్నాళ్ల శ్రమ వృథా అవుతుందేమోనన్న దిగులు వాళ్ల చరిత్ర చూస్తే సగం తగ్గుతుంది.

4. తెగింపు కింద ఉండే నేల

ఇంతవరకు విన్నవాళ్లు, అయితే అన్నీ చెరిపేసి, అన్నీ వదిలేసి పోవడమేనా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. తెలియనితనానికీ తెగింపుకీ పైకి తేడా కనిపించదు. రెండూ నియమం దాటుతాయి. తేడా నియమం ఎంతవరకు తెలుసన్నదాంట్లో ఉంది.

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు నాలుగే స్వరాలతో మహతి, లవంగి రాగాలను, మూడే స్వరాలతో సర్వశ్రీని కల్పించారు. రాగానికి కనీసం ఐదు స్వరాలుండాలన్నది చాలామంది పట్టుదల. పెద్ద వివాదమే నడిచింది. ఆయన వెనక్కి తగ్గలేదు. ఆ ధైర్యం ఎక్కడిది? పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యరికంలోంచి వచ్చింది. చిన్న వయసులోనే 72 మేళకర్త రాగాలన్నింటిలోనూ కృతులు రచించిన సాధనలోంచి వచ్చింది. 72 మేళకర్తలనూ తిరిగి చూసినవాడికి మూడు స్వరాల మధ్య ఎంత జాగా ఉందో తెలుస్తుంది. ఏడు స్వరాలే సరిగా పలకనివాడు మూడుకు దిగితే అది పేదరికం అవుతుంది.

మీరు కచేరీలకు వెళ్లేవాళ్లయితే కల్పనస్వరాలు విన్నప్పుడు దీన్ని మీరే గమనించవచ్చు. గాయకుడు తాళం ఎక్కడ కలుస్తుందో ముందే లెక్క కట్టుకోకుండా దూరం పోతాడు, సరిగ్గా ఎత్తుగడ దగ్గరికి వచ్చి వాలతాడు. సభ అంతా ఊపిరి పీలుస్తుంది. ఆ వాలడం అదృష్టం కాదు. తాళం ఆయన ఒంట్లో ఉంది కాబట్టి లెక్క వదిలి ఎగరగలిగాడు. అందుకే పిల్లలకు రెండు మాటలూ ఒకే గొంతుతో చెప్పాలి. సాధన చెయ్యి, తెగించు. మన ఇళ్లలో మొదటిదే వినిపిస్తుంది. ఈ మధ్య వస్తున్న స్ఫూర్తి ప్రసంగాల్లో రెండోదే వినిపిస్తోంది. ఏ ఒక్కటీ చాలదు.

5. నష్టం ఎవరి మీద పడుతుంది?

అన్నిటికన్నా కష్టమైన మెట్టు ఇది. ఇంతవరకు నేను చెప్పిన సాహసాల్లో నష్టం కళాకారుడిదే అన్నట్టు మాట్లాడాను. అది పూర్తి నిజం కాదు.

1980లో శంకరాభరణం సినిమా వచ్చింది. కథానాయకుడు వయసు మళ్లిన సంగీత విద్వాంసుడు. ఆ పాత్ర వేసిన జె.వి. సోమయాజులుగారు సినిమా తార కాదు, ప్రభుత్వోద్యోగి, నాటక నటుడు. శాస్త్రీయ సంగీతం కథకు ప్రాణం. దర్శకుడు కె. విశ్వనాథ్‌గారి ధైర్యాన్ని మనం ఇప్పటికీ పొగుడుతాం, పొగడాలి. ఆ ధైర్యానికి ఖర్చుపెట్టింది నిర్మాత ఏడిద నాగేశ్వరరావుగారు. ఆ చిత్రం ఆదరణ పొందకపోతే దెబ్బ ఆయన మీదా పడేది. తెలిసి పక్కన నిలబడ్డారు కాబట్టి ఆ సాహసం ఇద్దరిదీ.

రామారావుగారి దగ్గరికి మళ్లీ వెళ్దాం. ఆయన రాజమండ్రి రాకలో భార్య సత్యవాణిగారి జీవితం కూడా ఉంది. ఆవిడా చిత్రకారిణే. శిష్యుల భవిష్యత్తు కూడా ఉంది. 1925లో ఆయన పోయినప్పుడు, ఫలితం చేతికి రాకముందే పణం పెట్టినవాడు వెళ్లిపోయాడు. లాభనష్టాల లెక్క రాసేవాళ్లు ఆ రోజున దాన్ని నష్టం కిందే రాసేవారు. కానీ వరదా వెంకటరత్నంగారూ మిగతా శిష్యులూ మిత్రులూ ఆ బడిని వదల్లేదు. గురువుగారి చిత్రాలు చెదిరిపోకుండా చూశారు. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాల వాళ్ల పట్టుదల ఫలం. సాహసం ఫలించినప్పుడు ఆ ఫలం సాహసికే దక్కుతుందన్న హామీ లేదు. దక్కకపోయినా అది వ్యర్థం కాదు. అయితే దాన్ని అందుకునేవాళ్లు ఉండాలి.

నష్టాన్ని మోయగలిగినంతకు కుదించుకునే ఉపాయం కూడా కళల్లో ఉంది. ఇటలీలో తడి సున్నపు పూత మీద గోడచిత్రాలు వేసేవాళ్లు ఒకరోజులో ఎంత వేయగలరో అంత మేరకే పూత పూసుకునేవారు. ఆరితే రంగు పట్టదు, తప్పు దిద్దడం కుదరదు. కుదరని రోజు ఆ ముక్క వరకు పూత చెక్కేసి మర్నాడు మళ్లీ మొదలుపెట్టేవారు. మైకెలాంజెలో 1508 నుంచి 1512 వరకు సిస్టీన్ ప్రార్థనాలయం పైకప్పు నింపింది ఇలా రోజుకో ముక్కతోనే. అంత పెద్ద సాహసం, ఏ రోజుకారోజు చూస్తే ఒక్క రోజు పని పోయే ప్రమాదమే. రెక్కాడితే గానీ డొక్కాడని ఇంట్లోవాళ్లకు సర్వస్వం పణం పెట్టమని చెప్పే హక్కు నాకు లేదు. ఒక రోజు ముక్క పణం పెట్టమని మాత్రం ఎవరితోనైనా చెప్పగలను.

6. మనం చేయగలిగింది

ఇప్పుడు అన్ని మెట్లనూ కలిపి చెబుతాను. పెద్ద నిర్ణయం ముందు నిలబడినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది బొగ్గుతో గీసేదా, కలంతో గీసేదా? బాగా కుదిరిన ఏ ఒక్కదాన్ని కాపాడటానికి మిగతా జీవితాన్నంతా వంచుతున్నాను? ఇది తప్పితే నాతోపాటు మోసేది ఎవరు, వాళ్లకు ఈ సంగతి చెప్పానా? మొదటిది తొందరను ఆపుతుంది. రెండోది స్తబ్ధతను కదిలిస్తుంది. మూడోది మన ధైర్యం మరొకరికి అన్యాయం కాకుండా చూస్తుంది. ఈ మూడింటికీ జవాబు దొరికాక కూడా భయం ఉంటుంది. ఉండనివ్వండి. భయం పోయాక పని మొదలుపెట్టిన కళాకారుణ్ణి నేను చూడలేదు.

చివరిగా ఈ సభలోని తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మన పిల్లలు తెగించడం లేదని మనమే బాధపడతాం. వాళ్లు తప్పుచేసి నిలదొక్కుకునే జాగా ఎక్కడుందో చూపించం. పదో తరగతిలో ఒక మార్కు తగ్గితే ఇల్లంతా మూగబోతుంది. అలాంటి ఇంట్లో పెరిగిన బిడ్డను పాతికేళ్లకు సాహసం చెయ్యమంటే ఎలా చేస్తాడు? కూల్డ్రే రామారావుకు గొప్పవాడివవుతావని దీవించి ఊరుకోలేదు, దారి చూపించారు. వెంకటరత్నంగారు గురువును తలుచుకుని కన్నీళ్లు పెట్టి ఊరుకోలేదు, బడి నడిపారు. ఒకరు ముందు నిలిచారు, ఒకరు వెనక నిలిచారు. ఆ ఇద్దరి మధ్య ఒక యువకుడు తెగించగలిగాడు.

తెగించమని చెప్పే అర్హత, పడితే లేపడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకే ఉంటుంది. ఈ ఊళ్లో బొమ్మ వేసే, పాట కట్టే, నాటకం ఆడే ఒక్క బిడ్డను ఎంచుకోండి. ఒక ఏడాది రంగుల ఖర్చు భరించండి, లేదా వాడుకోవడానికి ఒక గది ఇవ్వండి. ఆ ఏడాది చివర ఏం సాధించావని అడగకండి, ఏం ప్రయత్నించావని అడగండి. దామెర్ల రామారావుగారి స్మృతికి నాకు తెలిసిన గౌరవం ఇదే.